చైను బిగించిందెవరు

ప్రియమైన నాన్నా,

నన్ను బండి దింపేశారు. సోమవారం కాలువ గట్టు దగ్గర బురద తోస్తుంటే బుల్‌డోజర్ కుడివైపు చైను తెగింది. బండి ఓ పక్కకు ఒరిగి ఆగిపోయింది. నాకేం కాలేదు, కంగారుపడకు. ఇంజినీరు గారు మాత్రం నన్ను ఒక్క మాటైనా అడగకుండా, ఆడపిల్లకు వెనక్కి తిప్పడం చేతకాక బెల్టు తెంపేసిందని రాసేశారు. తప్పెవరిదో తేలేదాకా నేను గేటు దగ్గర కూర్చుని లారీల నంబర్లు రాసుకోవాలట. ఆ సీటు కోసం నాలుగేళ్లు ఆగాను నాన్నా. ఒళ్లు మండిపోతోంది. రేపు ఆ చైను సంగతేమిటో విప్పి చూస్తాను.

నీ చిన్నది

చిట్టితల్లీ,

బెల్టా? బెల్టు నడుముకు పెట్టుకుంటారని ఆ మహానుభావుడికి చెప్పు. ప్లేట్లు, పిన్నులు, లింకులు కలిస్తే దాన్ని చైను అంటారు. పేరు కూడా తెలియనివాడు నిన్ను తప్పు పడతాడట. ఇదే కంపెనీ డిపోలో ముప్పై ఏళ్లుగా చైన్లకు గ్రీజు కొడుతున్నవాణ్ని, నేను చెబుతున్నాను విను. బురదలోకి వెళ్లే బండికి చైను కాస్త వేలాడాలి. మట్టి పళ్లచక్రంలో కూరుకుపోయి చైను దానంతటదే బిగుస్తుంది. ముందే బిర్రుగా బిగించి పంపితే తెగక ఏం చేస్తుంది? ఏ తలమాసినవాడు బిగించాడో కనుక్కో. అలాంటివాణ్ని స్పానర్ ముట్టుకోనివ్వకూడదు. ఓనర్ గారికి ఇవాళే రాస్తున్నాను. నీ సీటు ఎవడు లాక్కుంటాడో నేనూ చూస్తాను.

ఉడికిపోతున్న మీ నాన్న

నాన్నా,

ఓనర్ గారికి రాయకు. రాసేసి ఉంటే ఎలాగోలా వెనక్కి తీసుకో. విప్పి చూశాను, తప్పు నాదే. బండిని వెనక్కి గట్టిగా తిప్పేశాను. ఆ మాటే రాసిచ్చాను కూడా. గేటు దగ్గర నీడ ఉంది, కుర్చీ ఉంది, హాయిగానే ఉన్నాను. ఇక దీని గురించి ఎవరినీ ఏమీ అడగకు. వేళకు తిను.

నీ చిన్నది

చిట్టితల్లీ,

నువ్వు గట్టిగా తిప్పావా? నీకు బండి నేర్పింది నేను. నమ్మలేదు. మా డిపో మేనేజర్ ఎదురుగా కూర్చుని ఆ బండి కాగితాలన్నీ బయటకు తీయించాను. పైన నీ రాత, తప్పు నాదేనని. దాని కింద మా డిపో సర్వీసు కార్డు. "రెండు చైన్లూ బాగా బిగించాను, ఎక్కడా వదులు లేదు." సంతకం నాదే. గట్టినేలకు పోయే బండి అనుకున్నాను. ఎక్కడికని అడగలేదు.

ఆ కార్డు నకలు బండి క్యాబిన్‌లోనే ఉంటుంది. నువ్వు చూశావు. నా రాత గుర్తుపట్టి నోరు మూసుకున్నావు. నా మీద నాకెంత కోపంగా ఉందో, నీ మీద అంతకు రెట్టింపు ఉంది. ఒరిగిన బండిలో ఉన్నది నువ్వు. నా చేతులారా నిన్ను చంపుకునేవాణ్ని. అలాంటి నన్ను వెనకేసుకొస్తావా? నా పరువు నీ సీటు కంటే గొప్పదని నీకెవరు చెప్పారు?

ఓనర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వి, రిటైరవడానికి నీకింకా ఏడాదేగా ఉంది పెద్దాయనా, అమ్మాయి ఒప్పుకుందిగా, వదిలేయ్ అన్నారు.

"అమ్మాయి రాసిచ్చిన ఆ కాగితం చింపితేనే ఇక్కణ్ణుంచి కదులుతాను" అన్నాను.

చింపారు. నా తప్పు నా పేరు మీదే రాయించాను. గురువారం నుంచి బండి నీది. ఎక్కే ముందు కిందికి వంగి రెండు చైన్లూ నీ చేత్తో నువ్వే చూసుకో. బాగానే బిగించామని ఎవరు చెప్పినా నమ్మకు, చెప్పింది నేనైనా సరే.

మీ నాన్న