సింగిల్ విప్ తర్వాత

మార్చి 3, మంగళవారం

ఇవాళ తై చీ క్లాసు నడిపిస్తూ అక్క దారి తప్పింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. రాసి పెట్టుకోకపోతే, నేనే ఏదో భ్రమపడ్డానని రేపటికల్లా నన్ను నేను నమ్మించేసుకుంటాను. ఆ విద్య నాకు బాగా వచ్చు.

లాంగ్ ఫారంలో, అంటే మూడు భాగాల పొడుగాటి కదలికల వరసలో, సింగిల్ విప్ అనే భంగిమ మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒక చెయ్యి ముందుకు చాచి, రెండో చేతి వేళ్ళు కొక్కెంలా వంచి, కిటికీ వైపు తిరిగి నిలబడతాం. అదొక కూడలి. రెండో భాగంలో అయితే అక్కడి నుంచి కాళ్ళెత్తి తన్నే వరసలోకి వెళ్ళాలి. మూడో భాగంలో అయితే పాములా నేలకి వంగాలి. ఏ భాగంలో ఉన్నామో గుర్తుంటేనే దారి తెలుస్తుంది. అక్క వంగాల్సిన చోట మళ్ళీ తన్నుల్లోకి వెళ్ళింది. క్లాసంతా కిమ్మనకుండా వెంట వెళ్ళాం. ఫారం నడుస్తుండగా నోరు తెరవకూడదు, ముందున్నవాళ్ళు ఎటు తిరిగితే అటే తిరగాలి. ఆ రూలు పెట్టింది అక్కే.

అయ్యాక స్టేషన్ మాస్టారు (రిటైరై ఎంతో కాలమైంది, ఆ పిలుపు మాత్రం పోలేదు) ఇవాళ డబుల్ డోసా మేడం అన్నారు. మీ మోకాళ్ళు తుప్పు పట్టకుండా అంది అక్క. అందరూ నవ్వారు. నా నవ్వే అందరికంటే గట్టిగా వినిపించింది.

మార్చి 7, శనివారం

సరిగ్గానే చేసింది. హమ్మయ్య.

మార్చి 14, శనివారం

మళ్ళీ. అదే చోట. ఈసారి తన్నులు అయ్యి, చుట్టూ తిరిగి సింగిల్ విప్‌కి వచ్చి, అక్కడి నుంచి మళ్ళీ తన్నుల్లోకే. హాలు గడియారం చూసి ఆపేసింది గానీ, లేకపోతే ఇంకా తిరుగుతూనే ఉండేవాళ్ళం. కుట్టు టీచర్ చెమట తుడుచుకుంటూ, మీ అక్క ఈ మధ్య మరీ స్ట్రిక్ట్ అయ్యారండీ అంది. అవునండీ అన్నాను.

అక్క ఏమీ జరగనట్టే చాపలు చుట్టింది. నేనే తాళం వేస్తానంటే, నీకు ఆ తాళం పడదులే అంది. నిజమే, నాకు ఎప్పుడూ పడదు.

మార్చి 17, మంగళవారం

కళ్ళజోళ్ళ షాపులో రోజంతా జనానికి మొహం మీదే చెప్పేస్తాను, ఈ ఫ్రేము మీకు నప్పలేదండీ, గుడ్లగూబలా ఉన్నారండీ అని. అందుకే నా దగ్గరికి వస్తారు. అక్క ముందు మాత్రం నోరు పెగలదు. నాకు జడ వేసిందీ ఆ చెయ్యే, చెవి మెలిపెట్టిందీ ఆ చెయ్యే. ఏమని చెప్పను? నీకు మతిమరుపు వస్తోందనా?

ఏప్రిల్ 18న నా ప్రాక్టికల్. ఎగ్జామినర్ ముందు క్లాసు మొత్తం నేను నడిపించాలి. పోయినేడు అక్కే వెంటపడి ట్రైనింగులో చేర్పించింది. నా మోకాలు మొరాయిస్తోంది, నువ్వు టీచర్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే క్లాసు నీ చేతిలో పెట్టి హాయిగా కూర్చుంటానంది. ఈ వయసులో పరీక్షలేంటక్కా అని గోల పెట్టాను. ఇప్పుడు అదే దారి అనిపిస్తోంది. నేను పాసైతే అక్క దిగిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. అందరూ మోకాలు అనుకుంటారు.

ఒక్క నెల. నెట్టుకొస్తే చాలు.

మార్చి 24, మంగళవారం

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాను. అక్క స్నానానికి వెళ్ళింది కదా, బావగార్ని కదిపి చూద్దామనుకున్నాను. అక్క ఎలా ఉంటోంది బావగారూ అన్నాను. మీ అక్కకి నా మీద ప్రేమ ఎక్కువైంది మరదలా, కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోంది అన్నారు. నవ్వాను. ఇంకేమైనా అంటారేమోనని కూర్చున్నాను. ఆయన టీవీ సౌండు పెంచారు.

ఏప్రిల్ 4, శనివారం

థియరీ పేపర్ మార్కులు వచ్చాయి. సేఫ్టీలో ఫుల్. క్లాసులో ఎవరికైనా కాలు వణికితే ఏం చేస్తారు అన్న ప్రశ్నకి, వెంటనే ఫారం ఆపించి కుర్చీలో కూర్చోబెట్టాలి అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. అక్క పేపర్ చదివి, చేతిరాత ఎప్పుడు బాగుపడిందే అంది. చాలాసేపు ఆ కాగితం వంకే చూసింది.

ఏప్రిల్ 7, మంగళవారం

తప్పింది. ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళకీ తెలుసేమో. తెలిసే ఊరుకుంటున్నారేమో. నాలాగే.

ఏప్రిల్ 11, శనివారం

పరీక్ష రోజు అక్క కూడా క్లాసులో నిలబడాలట. నేర్పిన టీచర్ తన స్టూడెంట్ చేతి కింద ఫారం చెయ్యాలని ఆనవాయితీ. ఈ సంగతి ముందే తెలిసుంటే ఏదో ఒక వంకతో ఊరికి పంపేసేదాన్ని.

ఆలోచించి ఆలోచించి ఉపాయం కనిపెట్టాను. అక్కని వెనక వరసలో, కిటికీ పక్క మూలన నిలబెడతాను. ఎగ్జామినర్ కుర్చీ అటు చివర తలుపు దగ్గర. మధ్యలో ఇంతమంది. అక్క తప్పినా కనపడదు. ముందుండేది నేను, అందరూ నన్నే చూస్తారు.

అక్కతో చెప్పాను, నువ్వు ముందుంటే నాకు కాళ్ళు తడబడతాయి అని. పెద్ద తెలివే వచ్చిందే నీకు అంది. ఇంకేమీ అడక్కుండా ఒప్పేసుకుంది. అక్క అంత తేలిగ్గా దేనికీ ఒప్పుకోదు.

ఏప్రిల్ 18, శనివారం, ఉదయం 6:10

మొదటి సింగిల్ విప్, రెండోది, మూడోది... పళ్ళు తోముకుంటూ కూడా అదే. అక్క మెసేజ్: వదులైన ప్యాంటు వేసుకో, ఆ టైటుది వద్దు.

ఏప్రిల్ 18, మధ్యాహ్నం

పోయింది. అంతా పోయింది.

ఎగ్జామినర్ పొట్టి జుట్టావిడ. కుర్చీ వద్దని గోడకి ఆనుకుని నిలబడింది. నవ్వలేదు, కసురుకోనూ లేదు. మొదటి భాగం, రెండో భాగం నున్నగా సాగాయి. ఇంతేనా, దీనికేనా ఇన్ని రోజులు భయపడి చచ్చాను అనుకున్నాను కూడా. అక్క రెండో భాగంలో తప్పలేదు.

మూడో భాగంలో సింగిల్ విప్‌కి కిటికీ వైపు తిరిగాం. అప్పుడు తెలిసింది నేను చేసిన వెధవ పని. కిటికీ పక్కన నిలబెట్టిన మనిషి, అందరూ కిటికీ వైపు తిరగ్గానే అందరికీ ముందుంటుంది. ఆ క్షణంలో వెనక మూలే ముందు వరస. మొదటి రోజు క్లాసుకొచ్చినవాళ్ళకి కూడా తెలిసే సంగతి. అక్కని దాచిపెట్టాలన్న కంగారులో తీసుకెళ్ళి అందరి కళ్ళ ముందూ పెట్టాను.

నేను పాముకి వంగాను. అక్క వంగలేదు. చెయ్యి పైకెత్తి తన్నులకి సిద్ధమైంది. క్లాసు క్లాసంతా అక్క వెంటే. ఇన్నేళ్ళ అలవాటు. కింద నేనొక్కదాన్నే, పడిపోయిన పిన్నీసు వెతుక్కుంటున్నట్టు.

ఆగండి అనాలి. ఒక్క మాట. కానీ అంటే ఆవిడ అక్కని చూస్తుంది, అందరూ అక్కని చూస్తారు. లేచి నిలబడి నేనూ కాలెత్తాను. తప్పని తెలిసీ, అక్క వెంట వెళ్ళాను.

స్టేషన్ మాస్టారి కాలు వణకడం చూశాను. అబద్ధం రాయను. చూశాను. ఇంకొక్క తన్నే కదా అనుకున్నాను. ఆయన పక్కకి ఒరిగి కుట్టు టీచర్ మీద పడ్డారు, ఇద్దరూ నేల మీద. పెద్ద దెబ్బలేం కాదు. ఆయన మోచెయ్యి చీరుకుపోయింది, ఆవిడ కళ్ళజోడు వంకరపోయింది. ఆ కళ్ళజోడు నేను ఇచ్చిందే.

ఎవరు తప్పారు అని అడిగింది ఎగ్జామినర్. నేనే అన్నాను. అడగ్గానే అనేశాను. కాదు, తప్పింది నేను, ఇది మొదటిసారీ కాదు, అందుకే దీన్ని ట్రైనింగులో చేర్పించాను అంది అక్క. అంటూ నా వైపు చూడలేదు.

అక్కకి తెలుసు. పోయినేటి నుంచే తెలుసు.

మీకు తెలుసా అని ఆవిడ నన్నడిగింది. తెలుసన్నాను. ఫారం మర్చిపోతే పాస్ చేసేదాన్ని, మర్చిపోవడం ఎవరికైనా ఉంటుంది, ఆయన కాలు చూసి కూడా మీరు ఆపలేదు, ఆపలేనివాళ్ళకి క్లాసు ఇవ్వలేనండీ అంది. గట్టిగా తిట్టినా బాగుండేది. మళ్ళీ మూడు నెలల తర్వాత రమ్మంది. అప్పటిదాకా హాల్లో క్లాసు లేదు. అక్క ఇక నేర్పకూడదు.

అక్క ఒక్కతే చాపలు చుట్టింది. సాయం చెయ్యబోతే చెయ్యి విదిలించింది.

ఏప్రిల్ 19, ఆదివారం

ఫోన్ ఎత్తడం లేదు.

ఏప్రిల్ 23, గురువారం

బావగారు షాపుకి వచ్చారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, వదులైందన్నారు. వదులవ్వలేదు. స్క్రూ బిగిస్తున్నట్టు నటిస్తూ కూర్చున్నాను. ఆయన ఒక్క జోకూ వెయ్యలేదు.

పోయిన చలికాలంలో ఒకరోజు అక్క మా షాపు వీధి దాకా వచ్చి, ఇంటికి దారి తెలియక నిలబడిపోయిందట. మా షాపుకి నాలుగడుగుల దూరంలో. నాకు చెప్పొద్దని ఒట్టేయించుకుందట. నాకు తెలియదని వాళ్ళూ, వాళ్ళకి తెలియదని నేనూ. మంచి కుటుంబం!

అక్క కోపం పరీక్ష పోయినందుకు కాదట. తప్పు చేస్తున్నానని తనకే ఒక్కోసారి మధ్యలో తెలిసేదట. ఎవరో ఒకరు ఆగమంటారని చూసేదట. ఎవరూ అనకపోయినా మా చెల్లి చిట్టి అంటుంది, దాని నోటికి అడ్డూ ఆపూ ఉండదు కదా అనుకునేదట.

లెన్సులు కోసే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. మెషిన్ ఆన్ చేసి మరీ ఏడ్చాను. సోమవారం డాక్టర్ దగ్గరికి ముగ్గురం వెళ్తున్నాం.

ఏప్రిల్ 27, సోమవారం

డాక్టర్ చెప్పేది అక్క శ్రద్ధగా విన్నది. బయటికి వచ్చాక, పరీక్షకి ఇంకా టైముంది, రేపట్నుంచి ఇంటికి రా అంది నాతో. అంతే అంది.

మే 2, శనివారం

అక్క వాళ్ళ ముందుగది. బావగారూ నేనూ సోఫా గోడకి జరిపాం. అక్క ముందు, నేను వెనక.

మూడో భాగంలో సింగిల్ విప్ దగ్గర అక్క చెయ్యి పైకి లేచింది.

ఆగక్కా, అటు కాదు అన్నాను. నాకే సరిగ్గా వినపడలేదు.

ఆగింది. వెనక్కి తిరగలేదు.

ఇలా అంటే క్లాసులో వెనక వరసకి వినపడదే, గట్టిగా అను, అంది.