రెండో రౌండు దిద్దుబాటు

1975 అక్టోబరు 11, శనివారం. నాంపల్లి, హైదరాబాదు.

వచ్చే గురువారం నా కడుపులోని గడ్డకు ఆపరేషను. డాక్టరమ్మ భయం లేదంటుంది. భయం లేని పనికి ఇంట్లోవాళ్ల సంతకం ఎందుకని అడిగితే అది పద్ధతి అంది. నాకూ ఒక పద్ధతి ఉంది. పరీక్షకు ముందురోజే పెన్సిళ్లు చెక్కి పెట్టుకుంటాను. అందుకే ఇవాళ కూర్చున్నాను.

కీర్తిశేషులు సైలస్ గారి భార్య జయమణి అనే నేను, వయసు అరవై ఎనిమిది, మిషను బాలికల హైస్కూలులో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, నా వీలునామా నా చేత్తోనే రాస్తున్నాను. నా బుద్ధి నిలకడగా ఉంది. రుజువు కావాలంటే పదిహేడో ఎక్కం వెనక నుంచి చెప్పగలను. ఇది రాయమని నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. ఆ పనికోసం ఈ ఇంటికి వచ్చేవాళ్లు కూడా లేరు. ఇంతకుముందు వేరే వీలునామా రాయలేదు. దీన్ని అమలుపరిచే బాధ్యత నాంపల్లి కోర్టు ప్లీడరు సోమయాజులు గారిది.

1. పోస్టాఫీసు పుస్తకంలో ఉన్నదంతా, నా మెడలోని గొలుసు, కుట్టుమిషను, మార్కుల నోటుపుస్తకాలు ముప్పై ఒకటి నా మనవరాలు ఎమిలీకి. ఈమె నా ఒక్కగానొక్క కొడుకు రూఫస్ కూతురు. కోఠీలో బి.ఎస్సీ. చదువుతోంది. ఇక్కడ గది ఖాళీగా ఉన్నా వాళ్ల నాన్న హాస్టలే నయమన్నాడు. నెలకోసారి వస్తుంది, గంటకోసారి గడియారం చూస్తుంది. గొలుసు కరిగించి కొత్త నమూనా చేయించుకోకూడదు. చేయించుకున్నా నాకు తెలియదు కాబట్టి ఈ వాక్యాన్ని షరతుగా లెక్కించనక్కర్లేదు.

2. పధ్నాలుగేళ్లుగా ఇంట్లో పనిచేస్తున్న పూలమ్మకు మంచం, ఇత్తడి బిందెలు రెండు, బాక్సింగు రీళ్లు వేయడానికి తెరగా కట్టే తెల్ల దుప్పటి. శనివారం అంట్లు తోమాక ఒక రౌండు నిలబడి చూసేది. ఎవరి మూతి పగిలితే వాడే గెలవాలని ఆమె లెక్క. "గా పొట్టోనికి ఇయ్యున్రి అమ్మా, గన్ని దెబ్బలు తిన్నడు పాపం," అనేది. దెబ్బలు తిన్నందుకు మార్కులు ఉండవని చెప్పేదాన్ని. ఉండాలనేది. మా ఇద్దరికీ రాజీ కుదరలేదు. దుప్పటి చలికాలానికి పనికొస్తుంది.

3. మా చర్చి స్త్రీల సమాజానికి ఏమీ లేదు. టీచరమ్మ పరదాలు వేసుకుని మగవాళ్లు కొట్టుకోవడం చూస్తుందని 1964లో అక్కడ చెప్పుకున్నారు. పరదాలు వేయకపోతే తెర మీద బొమ్మ కనబడదు. నన్ను అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని.

4. ప్రొజెక్టరు, పది రీళ్లు, ఇక్కడ కారణాలు రాశాక, తొమ్మిదో అంశంలో పంచుతాను.

పల్లెల్లో భక్తి చిత్రాలు చూపించే మిషనువాళ్లు 1957లో పాత ప్రొజెక్టరు అమ్మేస్తే నా భర్త కొన్నారు. ఆయన నాంపల్లి స్టేషను పార్సిలు ఆఫీసులో గుమాస్తా. తీరిక వేళల్లో బాక్సింగు పోటీలకు జడ్జిగా వెళ్లేవారు. అబిడ్స్‌లో పాత సామాను అమ్మేవాళ్ల దగ్గర విదేశీ పోటీల రీళ్లు, ఇంగ్లీషు వ్యాఖ్యానంతో ఉన్నవి, ఒక్కొక్కటిగా తొమ్మిది పోగుచేశారు. శనివారం భోజనాలయ్యాక వ్యాఖ్యానం వినబడకుండా సౌండు తగ్గించి, గదిలో చెరో మూలా కుర్చీ వేసుకునేవాళ్లం. రౌండు గెలిచినవాడికి ఇరవై, ఓడినవాడికి పంతొమ్మిదో, ఇంకా తక్కువో. పోటీ నడుస్తుండగా జడ్జిలు మాట్లాడుకోకూడదు, మేమూ మాట్లాడుకునేవాళ్లం కాదు. చివర మార్కులు వేసిన కార్డులు మార్చుకుని, తేడా వచ్చిన రౌండు మళ్లీ వేసుకునేవాళ్లం. ఎవరు గెలిచారో ముందే తెలిసిన పోటీని ఇరవైసార్లు చూడటమేమిటని బంధువులు నవ్వేవారు. మా ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో నాకు బాగా గుర్తున్న సంతోషం అదే. మూడేళ్లు సాగింది.

5. 1958 డిసెంబరులో సికింద్రాబాదు క్లబ్బు హాలు ఒకదానిలో బాక్సింగు ఫైనలు. రైల్వేలో పనిచేసే నా కొడుకు రూఫస్‌కూ, బట్టల మిల్లులో పనిచేసే గట్టయ్యకూ పోటీ. మూడు రౌండ్లు. రావలసిన మూడో జడ్జి రాలేదు. హాలులో ఆ పని తెలిసినవారు నా భర్త ఒక్కరే. తండ్రి కూర్చోకూడదని ఆయనే లేచి చెప్పారు. సైలస్ సారైతే మాకు అభ్యంతరం లేదని గట్టయ్య పక్షంవాళ్లే పట్టుబట్టి కూర్చోబెట్టారు. మిగతా జడ్జిలిద్దరూ చెరొకరిని గెలిపించారు. నా భర్త కార్డులో రూఫస్‌కు 58, గట్టయ్యకు 59. దానితో గట్టయ్య గెలిచాడు.

నెల తిరక్కుండా రూఫస్ కాజీపేట లోకోషెడ్డుకు బదిలీ అడిగి, భార్యనూ రెండేళ్ల ఎమిలీనీ తీసుకుని వెళ్లిపోయాడు. వెళ్తూ గుమ్మంలో నిలబడి తండ్రితో, "మీరు నిజాయితీపరులని హాలంతా అనుకోవాలి. అందుకే నన్ను ఓడించారు," అన్నాడు.

6. నేను ఆ రోజు హాలులో లేను. కాని అబిడ్స్‌లో ఫోటో స్టూడియో నడిపే వరప్రసాద్ గారు ఆ పోటీని కీ ఇచ్చి తిప్పే కెమెరాతో తీశారు. 1960లో ఆ రీలు నాకు ఇచ్చారు. చూద్దాం రమ్మంటే నా భర్త రానన్నారు. "నేను ఒకసారి చూశాను జయా, రింగు పక్కన కూర్చుని," అన్నారు.

ఒక్కదాన్నే చూశాను. మొదటి రౌండు మావాడిది, మూడోది గట్టయ్యది, అందులో పేచీ లేదు. రెండో రౌండులో మావాడి చేతులు మెరుపుల్లా ఆడాయి. ఇరవై ఇచ్చాను. మొత్తం 59-58, గెలుపు రూఫస్‌ది. మూడు నిమిషాలు ఉండవలసిన రౌండు నా స్టాప్‌వాచీలో ఒక నిమిషం నలభై ఏడు సెకన్లే వచ్చింది. మిగతాది వరప్రసాద్ గారు కెమెరాకు కీ ఇచ్చుకునేటప్పుడు పోయి ఉంటుందని పుస్తకంలో రాసుకుని ఊరుకున్నాను. తేడా నాకు కనబడింది. దానికి కారణం నేనే కల్పించుకున్నాను. నా క్లాసులో పిల్ల ఈ పని చేస్తే సున్నా వేసేదాన్ని.

కార్డు రెండు ప్రతులు రాశాను. ఒకటి నా భర్త బల్ల మీద పెట్టాను. రెండోది "మీ నాన్న తప్పు చేశారు" అన్న వాక్యం జోడించి రూఫస్‌కు పోస్టు చేశాను. ఆయన తన ప్రతి చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. మరుసటి శనివారం రెండు కుర్చీలూ వేసి పిలిచాను. ఆయన అరుగు మీద పేపరు చదువుతూ ఉండిపోయారు. 1967లో పోయేదాకా మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. నేను మానలేదు. పరదాలు వేసి, చూసి, మార్కులు వేసి, మార్చుకోవడానికి ఎవరూ లేని కార్డును పుస్తకంలో అంటించేదాన్ని. రూఫస్ రీలు ఒక్కటే నలభై ఒక్కసార్లు చూశాను. నలభై ఒక్కసార్లూ 59-58.

తండ్రి సమాధికి రూఫస్ రాలేదు. నా కార్డు అతని దగ్గర ఉంది కదా. గట్టయ్య వచ్చి పెట్టె మోశాడు. అయ్యాక నా దగ్గరికి వచ్చి, "సారు నన్ను గెలిపియ్యలే అమ్మా. చూసింది రాసిండు, గంతే," అన్నాడు. గెలిచినవాడు ఇంకేమంటాడని మొహం తిప్పుకున్నాను.

7. ఈ ఆగస్టులో ప్రొజెక్టరు బెల్టు తెగింది. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో శ్యామ్‌సుందర్ అనే అతను ఇలాంటివి బాగుచేస్తాడంటే రిక్షాలో తీసుకెళ్లాను. వేసి చూడటానికి రూఫస్ రీలు పట్టుకెళ్లాను, అందులో ప్రతి అడుగూ నాకు తెలుసు కాబట్టి. అతను బెల్టు మార్చాడు. కింద ఎప్పటినుంచో బిగుసుకుపోయి ఉన్న చిన్న ఇనప పుల్లకు నూనె పోసి కదిపాడు. రీలు వేసి రెండు క్షణాలు చూసి ఆపేశాడు.

"అమ్మా, గిది మాటల్లేని రీలు. గింత జోరుగ ఎందుకు తిప్పుతున్రు? ఈ పుల్ల కిందికి గుంజాలె," అన్నాడు.

మాటలున్న రీళ్లు ఒక వేగంతో తిరగాలట. ఫిలిం కలిసిరావాలని కీ కెమెరాతో నిదానంగా తీసినవి అందులో మూడింట రెండు వంతుల వేగంతోనే తిరగాలట. విదేశీ రీళ్లన్నీ మాటలున్నవే కాబట్టి పదిహేనేళ్లూ నాకు ఆ సంగతి తెలియలేదు. స్టాప్‌వాచీ పెట్టాను. రౌండు రెండు నిమిషాల నలభై సెకన్లు వచ్చింది. కీ ఇచ్చుకోవడంలో పోయినవి ఇరవై సెకన్లే.

అతని దుకాణంలో స్టూలు మీద కూర్చుని రెండో రౌండు చూశాను. రూఫస్ దెబ్బలు ఇరవై మూడు తగిలాయి. మెరుపుల్లా లేవు. వాటిలో పద్దెనిమిది గ్లవ్సు లోపలి వైపుతో, చెంపదెబ్బల్లా తగిలినవి. పిడికిలి కణుపులతో తగిలితేనే మార్కు. గట్టయ్యవి తొమ్మిదే, తొమ్మిదీ కణుపులతోనే. రౌండు అతనిది.

ఇంకొకటి ఉంది. తెర అంచున నా భర్త మోకాళ్లూ, పెన్సిలు పట్టుకున్న చెయ్యీ కనబడతాయి. రౌండు ముగియగానే ఆ చెయ్యి గబుక్కున అంకె వేసేసినట్టు ఇన్నేళ్లూ కనబడేది. కన్నకొడుకు విషయంలో అంత తొందరేమిటని నాకు కోపం. ఆ రోజు చూస్తే ఆ చెయ్యి వెంటనే కదలలేదు. పెన్సిలు కార్డుకు ఆనించి, మళ్లీ పైకెత్తి, ఆగి, అప్పుడు రాశారు. మళ్లీ వేయమన్నాను. శ్యామ్‌సుందర్ నాలుగుసార్లు వేసి, బయట ఎవరో పిలిచినట్టు లేచి వెళ్లాడు. ఎవరూ పిలవలేదు.

లెక్క సరిచూసుకోవాలంటే వచ్చిన దారిలోనే మళ్లీ నడవకండి, ఇంకో దారిన రండి అని వేలమంది పిల్లలకు చెప్పాను. నా భర్త ఏడేళ్లు అరుగు మీద కూర్చున్నారు. నేను ఆ దారి వెతకలేదు.

8. సెప్టెంబరులో రూఫస్‌కు ఇదంతా రాశాను. జవాబు కార్డు వచ్చింది: "అమ్మా, 1960లో నువ్వు పంపిన కార్డు నా పెట్టెలో ఉంది. నాకు అది చాలు. ఇంకో లెక్క పంపొద్దు." ఎమిలీకి చూపించాను. "నాన్నను ఇప్పుడు ఓడించి నీకేం వస్తది నానమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నెల రోజులుగా జవాబు వెతుకుతున్నాను. అతను ఓడాలని నాకు లేదు. తండ్రి తనను అమ్ముకున్నాడన్న నమ్మకంతో నా కొడుకు ముసలివాడు కాకూడదు. ఆ నమ్మకానికి ముద్ర వేసింది నేను.

9. కాబట్టి ప్రొజెక్టరు, తొమ్మిది విదేశీ రీళ్లు, 1958 పోటీ రీలు నా కొడుకు రూఫస్‌కు. చూస్తేనే ఇవ్వాలని మొదట షరతు రాశాను. తర్వాత కొట్టేశాను. బలవంతాన వేయించిన మార్కు చెల్లదు.

10. స్టాప్‌వాచీ గట్టయ్యకు. ఇప్పుడు అతను సికింద్రాబాదులో తాలీంఖానా నడిపి కుర్రవాళ్లకు బాక్సింగు నేర్పుతున్నాడు. ఇచ్చేటప్పుడు, శ్మశానంలో మొహం తిప్పుకున్నందుకు జయమణి టీచరు క్షమాపణ చెప్పుకుందని సోమయాజులు గారు నోటితో చెప్పాలి. చీటీ ఇస్తే చాలదు.

11. సాక్షి సంతకం చేసినవారికి వీలునామాలో ఏదైనా ఇస్తే చట్టం ప్రకారం చెల్లదు. ఇంటి యజమానురాలు వసుమతి గారికి ఏమీ రాయకపోవడానికి కారణం అదే. ప్రొజెక్టరు చప్పుడుకు ఆవిడ పదిహేనేళ్లు గోడ కొట్టినందుకు కాదు.

నేను పోయిన తర్వాత జరగవలసినవి:

1. రూఫస్‌కు టెలిగ్రాం ఇవ్వాలి. అతని కోసం ఒక రోజు ఆగాలి, రెండో రోజు ఆగకూడదు.

2. ప్రొజెక్టరు పుల్లను కిందికి లాగి నల్ల దారంతో కట్టాను. ఎవరూ విప్పకూడదు. విదేశీ రీళ్లు వేసేటప్పుడు మాత్రం విప్పి పైకి నెట్టాలి.

3. రీలు డబ్బాలో ఒక ఖాళీ కార్డు పెట్టాను. నేను దిద్దిన కార్డు కవరులో సోమయాజులు గారి దగ్గర ఉంది. రూఫస్ తన కార్డు నింపాకే అది ఇవ్వాలి. నింపకపోతే చింపేయాలి.

4. అతను చూడదలిస్తే ఒక్కడే చూడాలి. ఎమిలీ పరదాలు వేసి బయటికి రావాలి.

5. అన్నీ చూశాక కూడా రెండో రౌండు తనకే ఇచ్చుకుంటే ఎవరూ వాదించకూడదు. అది అతని కార్డు.

6. అలా కాక 58-59 వేస్తే, ఆ కార్డు ఇవ్వవలసిన మనిషి నారాయణగూడ శ్మశానంలో ఉన్నారు. గేటు నుంచి ఏడో వరుస, ఎడమ నుంచి నాలుగో రాయి. రూఫస్ ఎన్నడూ అక్కడికి వెళ్లలేదు కాబట్టి గుర్తులు రాశాను.

పైన రాసిన తేదీన, సాక్షులిద్దరూ చూస్తుండగా చేసిన సంతకం:
జయమణి

సాక్షులు:
1. వసుమతి, ఇంటి యజమానురాలు, నాంపల్లి
2. వరప్రసాద్, ఫోటో స్టూడియో, అబిడ్స్