చెల్లి ముఖం

తమ్ముడూ,

అమ్మ ఫోనులో ఎందుకంత దిగులుగా ఉందని అడిగావు. చెబుతున్నాను.

పోయినసారి వచ్చినప్పుడు కంప్యూటరులో చోటు లేదని, నల్లటి తెర మీద ఒక్క లైను కమాండు కొట్టి ఇంట్లో ఫొటోలన్నీ కుదించేశావు. "ముందు కాపీ తీసిపెట్టరా" అన్నాను. "అక్కర్లేదక్కా, కంటికి తేడా తెలియదు" అని నవ్వావు. పాతవి పోయి, వాటి చోట కుదించినవి మిగిలాయి.

చనిపోయిన మన చెల్లికి ఉన్నది ఒక్క ఫొటోనే, బడిలో అందరితో కలిసి తీసింది. కాగితం ఫొటో ఎప్పుడో చెమ్మకు పాడైంది, కంప్యూటరులోకి ఎక్కించిందే మిగిలింది. వెనక వరసలో గోరంత ముఖం. అమ్మ రోజూ దాన్ని తెరంత పెద్దది చేసుకుని చూసేది. ఇప్పుడు పెద్దది చేస్తే రంగురంగుల గళ్ళు తప్ప ముఖం లేదు.

"దాని బుగ్గమీద సొట్ట కనబడట్లేదే. నా కళ్ళు పోయినట్టున్నాయే" అంటోంది.

డాక్టరుకు చూపించాను. కళ్ళు బాగానే ఉన్నాయని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. అమ్మకు మాత్రం చూపు తగ్గిందనే చెప్పాను. ఒక బిడ్డ ముఖాన్ని ఇంకో బిడ్డ చెరిపేశాడని ఏ నోటితో చెప్పను?

నీకు ఫోన్ చేసి కళ్ళు పోయాయని ఏడుస్తుంది. ఓదార్చు. తేడా తెలియదని మాత్రం అనకు.

అక్క