నా గాలి గొట్టం, ఆరుగురు ప్రయాణికులు

తెనాలి, మంగళవారం

ఇంజనుకు చల్లగాలి అందేలా నేను రేకుతో చేసిన గొట్టాన్ని ఓడించింది మా షెడ్డు యజమాని సుబ్బయ్యగారే. పొద్దున కంపెనీ గొట్టంతో, సీసాతో కొలిచిన పెట్రోలు పోసి, షెడ్డు టాక్సీలో రేపల్లె రోడ్డు మీద మేమిద్దరమే వెళ్ళాం. మధ్యాహ్నం అంతే పెట్రోలు, నా గొట్టం. జంపని దగ్గర తెలిసినవాళ్ళు చెయ్యెత్తితే సుబ్బయ్యగారు ఆరుగురిని ఎక్కించుకున్నారు.

"ఇది పరీక్ష కదండీ," అన్నాను.

"మా వియ్యపురాలిని ఎండలో వదిలెయ్యమంటావేంట్రా?"

పొద్దున ఆగిన చోటుకంటే ముందే పెట్రోలు అయిపోయింది. "నీ గొట్టం తాగుబోతురా అబ్బాయ్," అన్నారు. ఎక్కినవాళ్ళూ నవ్వారు.

సమానత్వం మీద అన్ని కరపత్రాలు చదివి, రెండు గొట్టాలకు సమాన బరువు ఇప్పించలేకపోయాను. ఎదురు తిరిగితే పని పోతుందేమో...

అయినా టాక్సీ డ్రైవర్లకు చీటీలు రాశాను: రేపు పొద్దున ఆరింటికి టాక్సీ స్టాండుకు రండి. ఒక్కో గొట్టంతో ఒకసారి నడుపుదాం, రెండుసార్లూ ఆరుగురు ఎక్కాలి. వియ్యపురాలుగారినీ పిలుస్తున్నాను.