పది కోట్ల ఒకటికి బదులు

బావా,

బాగున్నావా అని రాయబోయి ఆగాను... అయినా అడుగుతున్నాను, బాగున్నావా? నువ్వు పోయి రేపటికి ఏడాది.

ఇక్కడ అందరం బాగున్నాం. అక్కకు మోకాళ్ల నొప్పి తగ్గింది. బేతంచెర్ల ఫ్యాక్టరీలో నీ మిషన్ దగ్గర వేరే మనిషి ఉన్నాడు. బండలు బాగానే పాలిష్ చేస్తాడు గానీ నీలా ముందుగా తట్టి చూడడు. "లోపల పగులుంటే రాయి గొంతులోనే తెలిసిపోతాది బామ్మర్దీ" అనేవాడివి...

ఇక నీ రాయి సంగతి. సమాధి మీద పేరు కింద పది కోట్ల ఒకటి చెక్కించమన్నావు. రెండు కొసల్లో ఒకట్లు, నడుమ ఏడు సున్నాలు. "దేంతో భాగించినా శేషం మిగులుతాది. పగలని రాయప్పా ఇది! నా నెత్తిన ఇదే పెట్టాల" అని ఆస్పత్రి మంచం మీద నవ్వావు. సరేనని చేతిలో చెయ్యి వేశాను.

చెక్కించే ముందు ఒకసారి సరిచూద్దామని కూర్చున్నాను. రోజూ జమాఖర్చు రాసే చెయ్యి, ఊరుకోదు కదా. మూడు, ఏడు, పదకొండు, పదమూడు... అన్నిటికీ శేషం మిగిలింది. పదిహేడు దగ్గర సున్నా వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ సున్నా.

బావా, పదిహేడుతో నువ్వు భాగించనే లేదా?

అక్క విని పొయ్యి దగ్గర నుంచే నవ్వింది. "ఆ ఎక్కం అప్పజెప్పమంటారనే బడి గోడ దూకినాడు మీ బావ. ఇరవయ్యోది గడగడా చెప్తాడు, పదిహేడు కాడికొస్తే మాత్రం దగ్గొస్తాది ఆయప్పకు!" అంది.

తప్పు లెక్కను రాతికి ఎక్కించాలా? నీకిచ్చిన మాట తప్పాలా? రెండూ నావల్ల కాలేదు.

అందుకని పదిహేడుతో భాగించగా వచ్చినదాన్ని పట్టుకున్నాను. 58,82,353. ఒక్కొక్కదానితో భాగిస్తూ రెండు వేల నాలుగు వందల ఇరవై ఐదు దాకా పోయాను. అంతకు మించి చూడనక్కర్లేదు. పెద్దదేదైనా దాన్ని భాగిస్తే, దానికి జతగా చిన్నదొకటి ముందే దొరికి ఉండేది. ఏదీ దొరకలేదు. ఇది నిజంగానే పగలదు బావా. నువ్వు జారింది ఆ ఒక్క పదిహేడు దగ్గరే.

దాన్నే చెక్కమన్నాను. రాయి వెడల్పు చాలక, చెక్కే అతను సుద్దతో రెండు వరుసల్లో రాశాడు. పైన 588, కింద 2353. నా చెయ్యి ఊరికే ఉండదు కదా... సుద్ద తీసుకుని పక్క బండ మీద దేన్ని దానితోనే హెచ్చవేసి, రెండూ కలిపాను. ఏం వచ్చిందో తెలుసా? 58,82,353! రెండు ముక్కలైనా మళ్లీ తానే అయ్యింది. నువ్వుంటే ఫ్యాక్టరీ అంతా తిరిగి చెప్పేవాడివి కాదూ?

రెండు వరుసల్లోనే చెక్కించాను. రేపు పొద్దున నిలబెడతాం. నువ్వు అడిగింది పగలని రాయి. నేను తెస్తున్నదీ అదే.

బండికి ఎక్కించే ముందు నీలాగే సుత్తి పిడితో తట్టి చూశాను.

ఖంగుమంది.

నీ బామ్మర్ది,
ఓబులేసు