బాలవ్వకు కప్పిన శాలువా

కోరుట్ల,
13 అక్టోబర్ 2025,
సోమవారం.

చిరంజీవి సౌభాగ్యవతి రచనకు,

చిన్నమ్మ నవనీత దీవెనలతో రాసుకునే ఉత్తరం. అల్లుడు రాజేశ్‌కు, పిల్లలకు నా ఆశీస్సులు. సిరిసిల్లలో మీరంతా చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మాకు తిండికీ నిద్రకూ లోటు లేదు, ఒంట్లో రోగాలూ లేవు. అంతకు మించి బాగున్నామని రాస్తే అబద్ధమవుతుంది కనుక అక్కడితో ఆపుతున్నాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి అనుకుంటావు. సద్దుల బతుకమ్మ తెల్లవారి నుంచి నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను, నువ్వు ఎత్తడం లేదు. ఎత్తకపోవడమే మంచిదయిందని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది. ఎత్తితే ఏం మాట్లాడాలో నాకే తెలియదు. మా అమ్మను మీరందరు మర్చిపోయిన్రు, మంచిది, ఇగ నన్ను పిలవకుండ్రి అని నువ్వు మన మహిళా మండలి వాట్సాప్ గ్రూపులో పెట్టిన మాట ఇంకా నా ఫోన్లో ఉంది. ఆ మాట పెట్టి గ్రూపులోంచి వెళ్ళిపోయావు. దాని కింద ఒక్కరు కూడా ఏమీ రాయలేదు. రోజూ పొద్దున్నే గులాబీ పువ్వులతో శుభోదయం పంపేవాళ్ళు కూడా ఆ రోజు గమ్మున ఉన్నారు.

నిన్న మండలి ఏడాది సమావేశం జరిగింది. దసరా దాటాక ఒక ఆదివారం అందరం కూర్చుని, వచ్చే ఏడాది ఏ నెలలో ఏ పని చెయ్యాలో ఖాయం చేసుకోవడం మీ అమ్మ పెట్టిన పద్ధతే కదా. చలికాలంలో బడిపిల్లలకు కంటి పరీక్షలు, మార్చిలో మహిళా దినోత్సవం, ఎండలు ముదరగానే బస్టాండు దగ్గర చలివేంద్రం, ఉచిత వైద్య శిబిరం, వానలు పడితే మొక్కలు. అధ్యక్షురాలిని కదా, గడగడా చెప్పుకుంటూ పోయాను. బతుకమ్మ పండుగ దగ్గరికి వచ్చేసరికి మాట ఆపి చాయ్ గ్లాసు అందుకున్నాను. తలెత్తి చూస్తే అందరూ చాయ్ గ్లాసుల్లోకి చూస్తున్నారు. ఎప్పుడూ నాకంటే ముందు మాట్లాడే మన కార్యదర్శి సమ్మక్క కూడా కొంగు అంచు సర్దుకుంటూ కూర్చుంది. సిగ్గు నా ఒక్కదానికే కాదని అప్పుడు తెలిసి, నిజం చెప్పొద్దూ, కొంచెం తేలికపడ్డాను. తేలికపడ్డందుకు మళ్ళీ సిగ్గేసింది.

మీ అమ్మ నర్సవ్వక్క ఈ మండలి పెట్టిన రోజుల్లో నేను మన వాడకు కొత్త కోడలిని. నోరు విప్పితే అత్త ఏమంటుందో అని భయపడే కాలం. బీడీల చాట పక్కన పెట్టించి, మా అందరినీ నల్లా కోసం మున్సిపాలిటీ దాకా నడిపించింది ఆమె. నీళ్ళు వచ్చాయి, తర్వాత వీధి లైట్లు వచ్చాయి, ఆ తర్వాతే మాకు ధైర్యం వచ్చింది. మీ అమ్మకు జోడు బాలవ్వ. ఒకామెది మాట, ఇంకొకామెది పాట. సద్దుల నాడు ఆట చివర బాలవ్వ గొంతెత్తి, ఆ ఏడాది వాడలో కన్నుమూసిన ఆడవాళ్ళ ఒక్కొక్కరి పేరు పెట్టి తాను కట్టిన పాట పాడేది. పోయినామె కూతురో కోడలో గుప్పెడు తంగేడు పూలు తెచ్చి బాలవ్వ బతుకమ్మలో గుచ్చేది. చుట్టూ అందరం ఉయ్యాలో అని పలికేవాళ్ళం. మన వాడ ఆడదానికి అదే సాగనంపడం. ఇంకే ఊళ్ళోనూ ఇలా చేస్తారని నేను వినలేదు.

ఈ ఏడు ఆ పాటలో ముందు రావలసింది మీ అమ్మ పేరు.

ఏం జరిగిందో చెబుతాను విను. ఈసారి జగిత్యాల నుంచి ఒక పెద్ద మేడమ్‌ను ముఖ్య అతిథిగా పిలిచాం. ముఖ్య అతిథి అనగానే మనవాళ్ళకు కాళ్ళు నేల మీద నిలవవు. స్టేజీ అన్నారు, ఫ్లెక్సీ అన్నారు, ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో పెద్దగా ఉండాలో దాని మీద రెండు రోజులు అలకలు. గిప్పటి పోరగాండ్లు ముసలి పాటలకు ఆడుతరా, జగిత్యాల డీజేను మాట్లాడుదాం అని సమ్మక్క అంది. మరి బాలవ్వ పాట సంగతేమిటని ఎవరో అడిగారు. మేడమ్ తొందరగా పోవాలంట, పాటకు టైం యాడుంటది, బాలవ్వకు స్టేజీ మీద సన్మానం జేద్దాం అని ఇంకెవరో అన్నారు. ఎంత మంచి ఆలోచన అని అందరూ చప్పట్లు కొట్టారు. మనిషి నోరు మూయించడానికి తిట్టనక్కర్లేదు, శాలువా కప్పితే చాలని ఆ రోజు మాకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

నువ్వు వేములవాడలో బస్సు మారి, తంగేడు పూల సంచి ఒళ్ళో పెట్టుకుని వచ్చావు. అమ్మ పోయి ఏడాది తిరగలేదు, ఈసారి బతుకమ్మ ఆడొద్దని మీ అత్తగారు అన్నారట. నేను ఆడను గని, అమ్మ పేరు ఇని వస్త అని చెప్పి వచ్చిన చిన్నమ్మా అన్నావు. నువ్వు ఆ మాట అంటున్నప్పుడు నేను ఫ్లెక్సీ తాళ్ళు గట్టిగా కట్టారో లేదో అని పైకి చూస్తున్నాను.

బాలవ్వను ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టి మేడమ్ చేత శాలువా కప్పించాం. ఇదంతా పాటకు ముందు మర్యాద కాబోలని ఆ పిచ్చితల్లి అనుకుంది. శాలువా సర్దుకుని, గొంతు సవరించుకుని లేచి, మైకు కోసం చెయ్యి చాపింది. నేను ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, అవ్వా, కూసో, నీకెందుకు శ్రమ అంటూ మళ్ళీ కుర్చీలోకి దించాను. వెంటనే డీజే మొదలైంది. బయటికి అదెంత గౌరవంగా కనిపించిందంటే, ఫోటో తీసినాయన సరిగ్గా ఆ క్షణమే పట్టాడు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో అదే వచ్చింది, వృద్ధ గాయనికి మహిళల నీరాజనం అని. జగిత్యాల నుంచి, మెట్‌పల్లి నుంచి ఫోన్లు చేసి మరీ మెచ్చుకున్నారు. ఒక్కో మెచ్చుకోలుకు థాంక్సండీ అంటుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

ఆ మోతలో నువ్వు స్టేజీ పక్కనే నిలబడి ఉన్నావు. ఇప్పుడు పాడుతుంది, ఇప్పుడు పాడుతుంది అని బాలవ్వ వైపే చూస్తున్నావు. ఉయ్యాలో అనడానికి పెదాలు విప్పుకుని ఉన్నావు కూడా. నేను చూశాను, చూసి అటు తిరిగాను. బతుకమ్మలు ఎత్తుకుని అందరూ చెరువు దారి పట్టాక వెనక్కి చూస్తే నువ్వు లేవు. సద్దుల ముద్ద కూడా నోట్లో పెట్టుకోకుండా బస్సెక్కి పోయావు. మర్నాడు టెంటు విప్పుతుంటే స్టేజీ కింద నీ పూల సంచి కనిపించింది. తీసుకుపోయి నేనే చెరువులో వదిలాను. మీ అమ్మ పేరు చెప్పి వదులుదామనుకున్నాను, చెప్పకుండానే వదిలి వచ్చాను.

అప్పటి నుంచి పాలకు పోవాలన్నా మీ అమ్మ ఇంటి ముందు నుంచి పోవడం లేదు. మసీదు వెనక నుంచి చుట్టు తిరిగి పోతున్నాను. తాళం వేసిన ఇంటికి భయపడి దారి మార్చుకునే అధ్యక్షురాలిని ఎక్కడైనా చూశావా?

మొన్న ధైర్యం చేసి బాలవ్వ దగ్గరికి పోయాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టుకుంటోంది. నన్ను చూసి, రా బిడ్డా, శాలువ మంచిగున్నది, సలికాలం కప్పుకుంట అంది. ఎక్కడా ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అంది. అవ్వా, నర్సవ్వక్క పాట ఇప్పుడు పాడు, ఫోన్లో రికార్డు చేసి రచనకు పంపుతానన్నాను. చేతిలో బీడీ అట్లాగే ఆపి నా మొహంలోకి చూసింది. గా పాట సద్దుల నాడు పదిమందిల పాడేది బిడ్డా, నలుగురు ఉయ్యాలో అనకపోతె గది పాటెట్లయితది, పానముంటే ఏడాదికి పాడుత అంది. వచ్చేటప్పుడు ఇంకొక మాట కూడా అంది, దాన్ని ఇక్కడ రాయను.

నిన్నటి సమావేశంలో ఇదంతా చెప్పి, అధ్యక్ష పదవి వదిలేస్తున్నానన్నాను. సమ్మక్క కస్సుమని లేచింది. తప్పు జేసి కుర్చీ దిగుడు అల్కగనే ఉంటది, ముందుగాల రచనకు మొఖం సూపియ్యి, దిగుడు గిగుడు గప్పుడు సూద్దాం అంది. ఒక్కరూ నా వైపు మాట్లాడలేదు. చివరికి అందరం కలిసి ఒక్క మాట అనుకున్నాం. వచ్చే ఏడు బతుకమ్మకు డీజే లేదు, స్టేజీ లేదు, ముఖ్య అతిథి అసలే లేరు. బాలవ్వ పాటతోనే ఆట మొదలు, ఆ పాటలో మొదటి పేరు నర్సవ్వ.

నువ్వు రాకుండా ఆ పేరు పాడితే మాత్రం దానికి అర్థమేముంది బిడ్డా? మాతో మాట్లాడకు, మా ఇళ్ళలో మంచినీళ్ళు కూడా ముట్టకు, కానీ వచ్చి ఆ పాట విను. నీ పుట్టింటి వాడ నీకు లేకుండా పోవడానికి నేను కారణమయ్యానన్న మాట మోయలేకుండా ఉన్నాను. పండుగ హడావిడిలో తెలియక జరిగిపోయిన తప్పు ఇది. అధ్యక్షురాలిని కనుక నాదే అనుకో. పెద్దదాన్ని, చెయ్యి జోడిస్తే నీకు పాపం అంటావు, అందుకే కాగితం మీద జోడిస్తున్నాను.

నీ జవాబు కోసం చూసే
చిన్నమ్మ,
నవనీత.

తా.క. కవరు అంటించి పోస్టాఫీసు దాకా పోయి వెనక్కి వచ్చాను. పైన తెలియక అని రాశాను చూడు, డబ్బాలో వెయ్యబోతే ఆ మాట చెయ్యి పట్టి లాగింది. దాన్ని కొట్టెయ్యడం లేదు. నేనెంత చక్కగా అబద్ధం రాయగలనో నీకు కనిపించాలి.

సన్మానం చేద్దామన్న ఆ ఇంకెవరో నేనే. సమ్మక్క డీజే ఆట కోసం అడిగింది, అంతే. బాలవ్వ పాట ఆపించింది నేను.

పాట కట్టగానే, పేర్లు తప్పు పోకుండా మండలి అధ్యక్షురాలికి ముందుగా ఒకసారి వినిపించడం బాలవ్వ అలవాటు. ఈసారి మా వంటింట్లో పీట మీద కూర్చుని, మీ అమ్మ మీద కట్టింది చిన్నగా పాడింది. విన్నాక నాకు ఒకటే భయం. మేడమ్ ముందు, ఊరి ముందు, అన్నిటికంటే నీ ముందు ఆమె అది పాడితే నేనెక్కడ తల పెట్టుకోవాలి?

మొన్న ఎండాకాలం మీ అమ్మ మంచం పట్టినప్పుడు నువ్వు సిరిసిల్లకు తీసుకుపోతానన్నావు. ఆమె రానంది. మా మండలోళ్ళు రోజొస్తున్రు, నాకేం ఫికర్ లేదు అని నీకు ఫోన్లో చెప్పేదట. అమ్మ పోయిన పదోనాడు నువ్వే ఈ సంగతి చెప్పి, నా రెండు చేతులూ కళ్ళకద్దుకున్నావు. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.

మేమెవరం పోలేదు రచనా. బాలవ్వ ఒక్కతే పోయేది. మా పరువు పోకూడదని మీ అమ్మ నీకు అబద్ధం చెప్పింది. ఆ రోజుల్లో మేం ఎండకు ఊరి దూప తీర్చాలని చలివేంద్రం కుండలకు వంతులు వేసుకుంటున్నాం, వైద్య శిబిరానికి రోగులను పిలుచుకుంటున్నాం. రేపు పోదాం, ఈ పని కాగానే పోదాం అనుకున్నాం. ఒకనాడు శిబిరం సంగతి చెబుతూ మైకు కట్టిన ఆటోలో నేను మీ ఇంటి ముందు నుంచే పోయాను. అమ్మలారా అక్కలారా, ఒంట్లో బాగలేనివాళ్ళు అందరూ తప్పక రావాలి అని అరుస్తున్నాను. కిటికీ ఊచల్లోంచి మీ అమ్మ చెయ్యి ఊపింది. నేనూ చెయ్యి ఊపాను. ఇంకా తిరగాల్సిన వాడలు ఉన్నాయని ఆటో ఆపలేదు. తర్వాత వారానికే ఆమె పోయింది.

రచనకు జెప్పినవా అని బాలవ్వ నన్ను అడిగింది, నేను పైన రాయనన్న మాట ఇదే. ఇప్పుడు చెబుతున్నాను. ఇది ఆమె కట్టిన పాట. తాను రోజూ పోయి కూడా, మమ్మల్ని వేరు చెయ్యకుండా తననూ మాలో కలుపుకుని కట్టింది.

ఊరందరి దూప ఉయ్యాలో
మనమే దీర్చినామె ఉయ్యాలో
నర్సవ్వ గడపల్ల ఉయ్యాలో
కాలు వెట్టకపోతిమి ఉయ్యాలో

మీ అమ్మను మేం మర్చిపోయామని రాశావు. ఆమె పేరు ఎత్తితే మేం చేసింది బయటపడుతుందని నేనే ఎత్తనివ్వలేదు. వచ్చే ఏడు బాలవ్వ ఇదే పాడుతుంది, ఒక్క ముక్క మార్చమని నేనడగను. నువ్వు వస్తే, నీ ఎదురుగా నిలబడి ప్రతి చరణానికీ ఉయ్యాలో అంటాను.