గుమ్మంలో మార్గరెట్ గారు

అత్తయ్యగారికి అల్లుడు యెహెజ్కేలు వందనాలు. ఇద్దరం క్షేమం.

ఏనీ ఫోన్ ఎత్తడం లేదని మీరు బెంగపడుతున్నారని క్రిస్టో బావ చెప్పాడు. బ్రాంప్టన్ లాంటి సిటీలోలా కాదు, కెనడా ఉత్తర కొసనున్న ఈ ఊరికి డాక్టరు ఎప్పుడో ఒకసారి విమానంలో వస్తారు. మిగతా రోజులన్నీ నర్స్ ప్రాక్టీషనర్‌గా మీ అమ్మాయే చూసుకోవాలి. మొన్న మంచుకి విమానం దిగలేకపోతే ఒక కాన్పు కూడా తనే చేసింది. తల్లీబిడ్డా బాగున్నారు. తను మాత్రం ఇంటికొచ్చి బూట్లయినా విప్పకుండా కుర్చీలోనే నిద్రపోయింది. క్లినిక్‌లో ఈ ఊరివాళ్ల భాషని తనకి ఇంగ్లీషులో చెప్పిపెట్టే పెద్దావిడ మార్గరెట్ గారు వచ్చి మా గుమ్మంలో కూర్చున్నారు. వచ్చినవాళ్లందరినీ "ఊపిరాడటం లేదా? రక్తం పోతోందా? లేదంటే రేపు రండి, ఆ పిల్లని పడుకోనివ్వండి" అని పంపేశారు.

వంట నేనే చేస్తున్నాను. ఉసిరికాయ పచ్చడి ఉంటే కొంచెం పంపండి, అదొక్కటే అడుగుతోంది. మావయ్యగారి మోకాలు ఎలా ఉంది? ప్రార్థనలో మార్గరెట్ గారిని కూడా తలుచుకోండి.

ఇంకో మాట. ఫోన్ మోగితే చాలు, ఏనీ నిద్రలోంచి లేచి బూట్ల కోసం తడుముకుంటోంది. అందుకే ఈ కార్డు. మీరూ కార్డే రాయండి అత్తయ్యగారూ. తను లేచాక చదివి వినిపిస్తాను.